మేస్త్రీ కుడి జేబు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే ముందు లోపలికి వెళ్లేది ముక్కు మేస్త్రీ. ఆయన రెండడుగులు వేసి, కళ్లు మూసుకుని, గాలి గట్టిగా పీల్చి, "ఊఁ, రండి" అనేదాకా మిగతా పదిమందీ గుమ్మం బయటే నిలబడతారు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. పదకొండేళ్ల కిందట ఒక చలికాలం ఉదయాన ఆయన ఇలాగే లోపలికి వెళ్లి, "మూడో వరసలో ఏదో కుళ్లుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. వెతికితే సరిగ్గా మూడో వరస మధ్యలో, ఆకు చాటున, ఒకే ఒక్క స్ట్రాబెర్రీ పండు బూజు పట్టి కనబడింది. ఆ రోజుతో ఆయన అసలు పేరు అటకెక్కింది. చుట్టుపక్కల షెడ్ల వాళ్లు కూడా "ఒక్కసారి మీ ముక్కుని పంపించండి" అని కబురు పెట్టేవాళ్లు, అదేదో నిచ్చెనలాగా అరువు తెచ్చుకునే సామాను అయినట్టు.

అలాంటి ముక్కు రెండు నెలల కిందట పోయింది.

పోవడమంటే, ఉండాల్సిన చోటే ఉంది. వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మర్నాడు పొయ్యి మీద పాలు పెట్టి, పక్కగదిలో గడ్డం గీసుకుంటుంటే పొరుగింటావిడ వచ్చి తలుపు దబదబా బాదింది. "ఏం మాడబెట్టారండీ బాబూ, వీధంతా కంపు!" వెళ్లి చూస్తే గిన్నె బొగ్గయి కూర్చుంది, వంటిల్లంతా పొగ. కళ్లు మండాయి కానీ వాసన మాత్రం లేదు. ఆ సాయంత్రం అలమర పైఅరలోంచి భార్య శాలువా తీసి మొహానికి అదుముకున్నాడు. ఆమె పోయి నాలుగేళ్లయింది. శాలువా మెత్తగా ఉంది. అంతే, మెత్తగా ఉంది. మడత చెడకుండా మళ్లీ అక్కడే పెట్టేశాడు.

"వస్తే వస్తుంది, ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు.

పనిలోకి వెళ్లిన మొదటిరోజే చెప్పేద్దామనుకున్నాడు. దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్లాడు కూడా. తీరా వెళ్లేసరికి పదిమందీ గుమ్మం బయట, చేతులు చంకల్లో పెట్టుకుని చలికి వణుకుతూ ఎదురుచూస్తున్నారు.

"వచ్చాడమ్మా మా ముక్కు!" అంది కత్తెరమ్మ. ఎండుటాకులు కత్తిరించడంలో ఆమెని మించినవాళ్లు లేరు, నోట్లోనూ ఒక కత్తెర ఉంది. "వారం రోజులు ఒక్కో ఆకూ ఎత్తి చూడలేక నడుములు పడిపోయాయి అన్నయ్యా. నీ ముక్కు ఉంటే మా కళ్లకి సెలవు."

అందరూ నవ్వారు. ఆయన లోపలికి వెళ్లాడు. కళ్లు మూసుకున్నాడు. చల్లటి గాలి ముక్కులోకి వచ్చి, ఏ కబురూ చెప్పకుండా వెనక్కి పోయింది.

"ఊఁ, రండి" అన్నాడు.

అబద్ధం ఇంత చిన్నగా ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

* * *

షెడ్డు ఆయన బావమరిదిది, అంటే చనిపోయిన భార్యకి తమ్ముడిది. పొడుగాటి ప్లాస్టిక్ గూడు, లోపల ఎనిమిది నడకదారులు. ప్రతి దారికీ రెండు పక్కలా నడుమెత్తు బల్లలు, బల్లల మీద తొట్లు, తొట్ల అంచుల మీంచి వేలాడే కాయలూ పళ్లూ. దారులు ఇరుకు. ఒక మనిషి నడిస్తే రెండు పక్కల ఆకులూ బట్టలకి రాసుకుంటాయి. షెడ్డు పొడుగునా రెండు వైపులా తెరలుంటాయి. లోపల గాలి బరువెక్కితే వాటిని పైకి చుట్టాలి. ఎప్పుడు చుట్టాలో, ఎప్పుడు దించాలో చెప్పేది కూడా మేస్త్రీ ముక్కే.

ఆ నెలంతా మబ్బు పట్టి, చలిగాలి వదల్లేదు. మొక్కలకి వెచ్చగా ఉంటుందని తెరలు దించే ఉంచాడు. మునుపైతే తలుపు తీయగానే తడిగుడ్డ ముక్కినట్టు వచ్చే వాసన పట్టి, చలైనా సరే తెరలెత్తించేవాడు. ఇప్పుడు ఆయనకి తెలిసింది చలి ఒక్కటే. పొద్దున పూట పైకప్పు ప్లాస్టిక్ నుంచి నీటిబొట్లు రాలి పూల మీద పడుతుండేవి. రాలాల్సిన రేకులు తడికి కాయలకే అతుక్కుపోయేవి. అది చూస్తూనే ఉన్నాడు. చూస్తూ కూడా, నిజంగా ఏదైనా ఉంటే తెలియకపోతుందా అని పాత అలవాటు చొప్పున అనుకున్నాడు.

ఒక మంగళవారం ఐదో దారిలో నాలుగు పువ్వులు కనబడ్డాయి. రేకులు గోధుమరంగుకి తిరిగి, వాటి మీద బూడిదరంగు నూగు. పక్కనే ఒక కాయ, తొడిమ దగ్గర మెత్తబడి, వేలు పెడితే లోపలికి దిగేట్టు ఉంది. బూజు తెగులు. ఇరవై మందికి ఆయనే పాఠం చెప్పాడు: "చెయ్యి పెట్టకండి. ముందు కాగితం సంచీ తొడగండి, సంచీతో సహా కత్తిరించండి, మూతి మడవండి, అప్పుడు బయటికి తీసుకెళ్లండి. కదిలిస్తే ఆ పొడి పొగలాగా లేస్తుంది, ఒక్క పువ్వు వెయ్యి పూలకి శత్రువు."

సంచీలు తలుపు దగ్గర మేకుకి వేలాడుతున్నాయి. తీసుకురావాలంటే అందరి ముందునుంచీ వెళ్లాలి. సంచీ ఎందుకన్నయ్యా అంటారు. బూజు అంటే, మరి పొద్దున నీ ముక్కేం చేస్తోంది అంటారు.

పక్క దారిలోంచి కత్తెరమ్మ కూనిరాగం వినిపించింది, దగ్గరవుతోంది. ఆయన వేళ్లతోనే నాలుగు పువ్వులూ కాయా తుంచి, కోటు కుడి జేబులో వేసుకున్నాడు. సన్నటి బూడిద పొగ ఒకటి లేచి, వెలుగులో ఒక క్షణం ఆడి, మాయమైంది.

బుధవారం ఆరు, గురువారం తొమ్మిది. పొద్దున్నే మిగతావాళ్లు పనిలో కుదురుకునేలోపే చుట్టి వచ్చి కనబడినవన్నీ జేబులో వేసుకునేవాడు. సాయంత్రం వీధి చివర చెత్తడబ్బాలో జేబు తిరగేసి దులిపేవాడు. మధ్యలో రోజంతా, ఆ జేబుతోనే, ప్రతి దారిలోనూ నడిచేవాడు. నడవడంలో ఆయనకొక పద్ధతుంది. తలుపు వైపు నుంచి దారిలోకి వెళ్లడం, అవతలి చివర బయటికి రావడం, గోడవార దారిన తిరిగి మొదటికి రావడం. వెనక్కి తిరిగి అదే దారిన ఎప్పుడూ రాడు. ఇరుకు దారిలో ఎదురొచ్చేవాళ్లకి అడ్డం కాకూడదని భార్య నేర్పిన మర్యాద అది.

* * *

పదో రోజుకి జేబులు చాలలేదు. రెండో దారిలో పండిన పళ్లు గుత్తులకు గుత్తులు బూడిద పూసుకున్నాయి. ముందు చూసింది కత్తెరమ్మే. ఆమె కేక విని అందరూ పరిగెత్తుకొచ్చారు. బావమరిది వచ్చి, పండొకటి చూసి, చెయ్యి నుదుటికి ఆనించుకుని, "బావా, ఇదెప్పటినుంచి?" అన్నాడు.

"నాకూ ఇప్పుడే..." అన్నాడు మేస్త్రీ. ఆ వాక్యాన్ని పూర్తిచేయకుండా వదిలేయడమే ఆ రోజు ఆయన చూపిన నిజాయితీ.

మొక్కల డాక్టరమ్మని పిలిపించారు. పొట్టి మనిషి, మెడలో భూతద్దం. వస్తూనే తెరలు చూసి, పైకప్పు చూసి, పెదవి విరిచింది. ఒక ఆకు తిప్పింది.

"తెల్లగా పిండి చల్లినట్టుంటే అది వేరే తెగులు. ఇది అది కాదు. ఇది చచ్చిన రేకు మీద పుట్టి, బతికిన కాయలోకి దిగుతుంది. చలి, తడి, కదలని గాలి ఉంటే దీనికి పుట్టిల్లే. ముందు తెరలెత్తండి. నీళ్లు పొద్దున్నే, వేరుకి మాత్రమే. మందు కొడదాం, కానీ ఒకే మందు పదేపదే కొడితే బూజుకి అలవాటైపోతుంది, మార్చి మార్చి కొట్టాలి. అన్నిటికంటే ముందు ఏరివేత. ఎక్కడెక్కడుందో అక్కడల్లా ఎర్ర రిబ్బను కట్టండి, తర్వాత సంచీలతో తీద్దాం."

మధ్యాహ్నానికి రిబ్బన్లు కట్టడం అయిపోయింది. మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి చూశాడు.

ఎనిమిది దారుల్లోనూ ఎరుపు, కుడిపక్క బల్లల మీద. ఎడమపక్క అక్కడొకటి ఇక్కడొకటి తప్ప పచ్చగా ఉంది. ప్రతి దారి చివరా, మలుపు తిరిగేచోట, ఎరుపు గుత్తిగా పోగుపడింది. ఇనుప స్తంభానికీ బల్లకీ మధ్య సందు ఇరుకై, తిరిగేటప్పుడు కోటు రాసుకునే చోటది. నేల మీద ఎవరో ఆయన నడకని ఎర్ర సిరాతో గీసినట్టుంది. ఆయన చెయ్యి దానంతట అదే కుడి జేబు మీదికి వెళ్లి, కాలిన చెయ్యిలాగా వెనక్కి వచ్చింది.

డాక్టరమ్మ కూడా చూస్తోంది. "ఇది గాలికి వచ్చింది కాదు. మనిషి మోసుకొచ్చిందే. ఇక్కడ పనిచేసేవాళ్లలో వేరే మొక్కల్లో, పూలల్లో తిరిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

అందరి కళ్లూ కత్తెరమ్మ వైపు తిరిగాయి. ఆమె సాయంత్రాలు ఒక పూలకొట్టులో వాడిన గులాబీలు ఏరే పనికి వెళుతుంది.

"నేనా?" అంది కత్తెరమ్మ. "నేను ఇక్కడికి వచ్చేటప్పుడు పైబట్ట మార్చుకుంటాను, చేతులు కడుక్కుంటాను. అయినా నేను రెండు పక్కలా కత్తిరిస్తాను బాబూ. నా పాపమైతే రెండు పక్కలా పండాలి కదా!"

"రెండు పక్కలా, మూడు పక్కలా అని లెక్కలు నాకొద్దు," అన్నాడు బావమరిది. పంట పోయిన మనిషికి చెవులు పనిచేయవు. "మా బావ ముక్కుకి కూడా అందకుండా తెచ్చావంటే మామూలు సంగతి కాదు. రేపటినుంచి రావద్దు."

కత్తెరమ్మ మేస్త్రీ వైపు చూసింది. "నువ్వు చెప్పన్నయ్యా. పదమూడేళ్లుగా చూస్తున్నావు. నువ్వు చెప్పు."

ఆయన నోరు తెరిచాడు. చెప్పాల్సింది ఒక్క ముక్క. పదిమందీ చూస్తున్నారు. పదకొండేళ్లుగా ఆ పదిమందీ గుమ్మం బయట నిలబడి తనకోసం ఎదురుచూసిన ఉదయాలన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

"చూద్దాంలే అమ్మా," అన్నాడు, నేల చూస్తూ.

ఆమె కత్తెర మొలలోంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. షెడ్డుది కాదది, ఆమె సొంత కత్తెర. ఆ సంగతి కూడా మరిచిపోయింది.

* * *

ఇంటికొచ్చి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. జేబు బయటికి లాగి చూశాడు. అతుకుల్లో బూడిద రంగు ఇంకిపోయి ఉంది. కుళాయి కింద పెట్టి రుద్దాడు, సబ్బు పెట్టి మళ్లీ రుద్దాడు. పోయిందో లేదో తెలుసుకోవడానికి, ఎవరూ లేని ఇంట్లో కూడా, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఆ పని చేసినందుకు తనమీద తనకే నవ్వొచ్చింది.

అన్నం ముందు కూర్చున్నాడు. వాసన లేనప్పటినుంచీ తిండి గడ్డి నమిలినట్టే ఉంది. రెండు నెలలుగా అది దేవుడు తనకు చేసిన అన్యాయం అనుకుంటున్నాడు. ఈ పూట మాత్రం, అన్యాయం జరిగింది తనకి కాదని, రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియకుండా ఒక మనిషి ఈ ఊళ్లోనే ఎక్కడో కంచం ముందు కూర్చుని ఉంటుందని తోచి, చెయ్యి కడిగేసుకున్నాడు.

* * *

మర్నాడు పొద్దున తొమ్మిది మంది గుమ్మం బయట నిలబడ్డారు. బావమరిది కూడా వచ్చాడు. కొంచెం దూరంగా, గోడవార, కత్తెరమ్మ. కత్తెర కోసం వచ్చానంది, ఎవరూ అడక్కముందే.

మేస్త్రీ లోపలికి వెళ్లి రెండడుగులు వేశాడు. తెరలెత్తి ఉన్నాయి. తెల్లవారు గాలి ఇటునుంచి అటు పోతూ రిబ్బన్లని కదిలిస్తోంది. కళ్లు మూసుకోలేదు. వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు వాసన తెలియట్లేదు."

"అది మంచిదేగా బావా, తగ్గిందేమో," అన్నాడు బావమరిది.

"అది కాదురా. నాకు ఏ వాసనా తెలియట్లేదు. జ్వరం వచ్చినప్పటినుంచీ. రెండు నెలలుగా ఇక్కడ నిలబడి ఉత్తినే ఊఁ అంటున్నాను."

అక్కడితో ఆగితే జాలి దొరికేది. ఆ జాలి ఒడ్డు కనబడుతూనే ఉంది. ఆయన కుడి చెయ్యి జేబులో పెట్టి, ఇంకా తడారని జేబుని బయటికి లాగాడు. అది కుక్క నాలుకలాగా వేలాడింది.

"మొదటి పువ్వులు కనబడింది నాకే. పది రోజుల కిందట, ఐదో దారిలో. సంచీ తెస్తే అడుగుతారని వేళ్లతో తుంచి ఇందులో వేసుకున్నాను. రోజూ వేసుకున్నాను. ఈ జేబుతోనే అన్ని దారులూ తిరిగాను. రిబ్బన్లు చూడండి, అన్నీ కుడిపక్కే. నేను ఏ దారిలోనూ వెనక్కి తిరిగి రాను కదా. ఆ అమ్మ తేలేదు. నేను తెచ్చాను. నిన్న ఆ అమ్మ అడిగినప్పుడు నాకు తెలుసు."

చివరి మాట దగ్గర గొంతు దిగిపోయింది కానీ, అందరికీ వినపడింది.

బావమరిది లోపలికి వచ్చి, ఒక దారి చివరిదాకా రిబ్బన్లు చూసుకుంటూ వెళ్లి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నారు. వేయలేదు. "అక్క ఉండుంటే," అన్నాడు చివరికి, "నువ్వు చెప్పకపోయినా ఆ రోజే నాకు తెలిసిపోయేది." ఆ మాట మేస్త్రీకి దెబ్బలాగానూ తగిలింది, దెబ్బ మీద చెయ్యిలాగానూ తగిలింది. తర్వాత కత్తెరమ్మ వైపు తిరిగి, "తప్పయిందమ్మా. పనిలోకి రా" అన్నాడు.

కత్తెరమ్మ బల్ల దగ్గరికి వెళ్లి తన కత్తెర తీసుకుంది. మొలలో దోపుకుంటూ మేస్త్రీ ముందు ఆగింది.

"ముక్కు పోతే పోయింది. నిన్న నోరేమైందన్నయ్యా?"

ఆయన బయటికి వేలాడుతున్న జేబుని లోపలికి తోసుకున్నాడు.

"ఇవాళ రాను బాబూ," అంది బావమరిదితో. "నిన్న మీరన్న మాట ఇంకా చెవిలోంచి దిగలేదు. రేపొస్తాను."

* * *

అన్నట్టే మర్నాడు వచ్చింది. ఆ రోజునుంచీ గుమ్మం బయట నిలబడటం లేదు. అందరూ ఒకేసారి లోపలికి వెళతారు, మనిషికొక దారి, ఒక్కో ఆకూ ఎత్తి చూడటం. ఆయన జ్వరంతో పడుకున్న వారంలో చేసినట్టే. అప్పుడు ఒక్క పండు కూడా పోలేదని, లెక్క చూసుకుంటే ఇప్పుడు తెలిసింది. కాయలకి అతుక్కున్న రేకుల్ని మెత్తటి బ్రష్షుతో దులుపుతున్నారు, రాలిన ఆకు నేలమీద ఉండనివ్వట్లేదు, పళ్లు తడారాకే కోస్తున్నారు. మూడోవంతు పంట సంచీల్లో బయటికి వెళ్లి గుంతలో పడింది.

ఆ సంచీల పని మేస్త్రీ అడిగి పుచ్చుకున్నాడు. ముందు కత్తెరమ్మ నడిచి చూపిస్తుంది, వెనక ఆయన సంచీ తొడుగుతాడు, ఆమె కత్తిరిస్తుంది, ఆయన మూతి మడుస్తాడు. మోచేతులు తగిలేంత దగ్గర. అయినా ఆమె ఆయన్ని అన్నయ్యా అనడం మానేసింది.

"ఇక్కడుంది చూడండి మేస్త్రీగారూ." "జాగ్రత్తండి మేస్త్రీగారూ."

పదమూడేళ్లలో ఎన్నడూ లేని ఆ 'గారు' ఆయనకి రోజుకి ఇరవైసార్లు గుచ్చుకునేది. కాదనడానికి ఏ ముఖం ఉంది? "అలాగేనమ్మా" అనేవాడు. ముక్కు మేస్త్రీ అన్న పేరు మాత్రం ఎవరూ నోటెత్తలేదు. ఎవరూ ఎగతాళి చేయకపోవడం కూడా ఒక శిక్షేనని, కాదు, ఒక దయేనని, రెండూ ఒకటే కావొచ్చని ఆయనకి అనిపించేది.

డాక్టరమ్మ చెప్పిందని అందరి పైబట్టలూ షెడ్డులోనే ఉంచి, వారానికోసారి వేడినీళ్లలో ఉడికించి ఉతకడం మొదలుపెట్టారు. ఆ వారం వంతు కత్తెరమ్మది. సోమవారం పొద్దున వచ్చేసరికి కోట్లన్నీ ఇస్త్రీ అయి మేకులకి వేలాడుతున్నాయి. మేస్త్రీ తన కోటు తొడుక్కుని మూడో దారిలోకి నడిచాడు. రిబ్బన్లు ఇంక నాలుగైదే మిగిలాయి. తెల్లటి కొత్త పూలు పొడిగా, విడిగా నిలబడి ఉన్నాయి. చలికి చెయ్యి అలవాటుగా కుడి జేబు వైపు వెళ్లింది.

వెళ్లలేదు. మళ్లీ తోశాడు. వేళ్లకి గట్టి దారం తగిలింది.

కిందికి చూశాడు. జేబు మూతి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కుట్టేసి ఉంది. మొక్కల కొమ్మలు కట్టే పచ్చదారంతో, రెండు వరసలు, బుల్లి బుల్లి కుట్లు, ఏ దర్జీ వేలెత్తి చూపలేనంత ఒద్దికగా. ఎడమ జేబు మామూలుగానే ఉంది.

ఆయన చెవులు వేడెక్కాయి. పచ్చదారం మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. ఇంత సన్నగా కుట్టాలంటే దీపం దగ్గరికి జరుపుకుని ఎంతసేపు కూర్చోవాలో ఆయనకి తెలుసు. అద్దాలు మార్పించుకోవాలని కత్తెరమ్మ ఏడాదిగా అంటూనే ఉంది.

"ఏంటి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదా?" అంది కత్తెరమ్మ ముందునుంచి, వెనక్కి తిరక్కుండానే. కత్తెర రెండుసార్లు గాల్లో టకటకమంది. "సంచీ పట్టుకో అన్నయ్యా. ఇక్కడొకటుంది."